ఆర్ట్ ప్రాజెక్టును ఇంటికి పంపకండి: ప్రైమరీ స్కూళ్ల హెడ్మాస్టర్లకు, కరస్పాండెంట్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు,

నమస్కారం. నేను డ్రాయింగ్ టీచర్ని. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రాసి, ఎండాకాలం ట్రైనింగులో టీటీసీ అనే టీచర్ కోర్సు పూర్తిచేసి, అప్పట్నుంచి గుంటూరు చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్లలో వారానికి ఇన్ని పీరియడ్లని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు మీరిచ్చే ఆర్ట్ ప్రాజెక్టుల గురించే ఈ ఉత్తరం. అడిగేది ఒక్కటే. వాటిని ఇంటికి పంపకండి. బడిలోనే, పిల్లల చేతే చేయించండి.

ఇంటికి పంపితే ఏం జరుగుతుందో మీకు తెలియనిదేం కాదు, మీ ఇళ్లలోనూ పిల్లలున్నారు. సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది, ఎల్లుండికి ‘మై విలేజ్’ మోడల్ తేవాలని. చీకటి పడ్డాక అమ్మో నాన్నో స్టేషనరీ షాపు ముందు నిలబడతారు. షాపాయన ‘ఏ క్లాసండీ?’ అని అడిగి వాటర్ సైకిలు, సోలార్ సిస్టమ్, విలేజ్ సెట్టు వరసగా ముందు పెడతాడు. ఓపిక ఉన్నవాళ్లు థర్మాకోల్ షీటు, చార్టులు, చమ్కీ, ఫెవికాల్ కొనుక్కుని ఇంటికెళ్తారు. లేనివాళ్లు తయారుగా ఉన్నదే కొంటారు. భోజనాలయ్యాక పిల్లాడు ఉత్సాహంగా జిగురు డబ్బా మూత తిప్పబోతే, ‘ఒలకబోస్తావు, నువ్వెళ్లి పడుకో, నేను అంటిస్తాలే’ అంటుంది తల్లి. పొద్దున తండ్రి బండి వెనక కూర్చుని, ఆ షీటు గాలికి విరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకోవడం, అదే మొత్తం ప్రాజెక్టులో పిల్లాడు చేసిన పని. మూలన పేరు కూడా అక్క రాసిపెడుతుంది, దస్తూరి బాగుంటుందని.

ఆ రోజు బెంచీల మీద వరసగా పేర్చిన మోడళ్లు చూసి ‘వెరీ నీట్’ అంటాం. ఎవరు చేశారో మనకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, అందరికంటే బాగా పిల్లలకు తెలుసు. ఏడేళ్ల పిల్లాడు ఆ రోజు నేర్చుకునేది ఒకటుంది. తన చేతుల్తో చేసింది బడికి పనికిరాదని.

నేను పనిచేసిన ఒక స్కూల్లో రెండో తరగతికి ‘నా ఇల్లు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. వచ్చిన వాటిలో ఒక ఇంటికి లైట్లు వెలుగుతున్నాయి, గేటు ముందు ప్లాస్టిక్ గడ్డి, కారు. దాని పక్కన ఒక పాప తెచ్చిన అగ్గిపెట్టెల ఇల్లుంది. నాలుగైదు పెట్టెలు ఒకదానిమీద ఒకటి అన్నం మెతుకులతో అంటించింది, కొంచెం పక్కకు ఒరిగింది. కిటికీలు వాడేసిన బొట్టుబిళ్లలు. నేను చూస్తుంటే ‘సార్, లాగండి’ అంది. పెట్టె లోపలి అర బయటికి లాగితే అందులో దూది పరుపు, దాని మీద చీపురుపుల్ల మనిషి. ‘మా నాయనమ్మ. మోకాళ్ల నొప్పులు, లేవదు’ అంది. కింది అర లాగితే వంటిల్లు. ప్రైజు లైట్ల ఇంటికొచ్చింది. ఒరిగిన ఇంటిని గ్రూపులో పెట్టే ఫొటోలో పడకుండా పక్కకు జరిపారు.

ఇంకో సంగతి. కూలికెళ్లే ఇళ్ల పిల్లలకు రాత్రి పూట స్టేషనరీ షాపు ఉండదు. సామాను కొనే డబ్బు, పక్కన కూర్చుని చేసిపెట్టే తీరిక, రెండూ ఉండవు. వాళ్లు ఉత్త చేతుల్తో వస్తారు, ‘ఏదీ ప్రాజెక్టు?’ అంటే తలొంచుకుంటారు. మన రెండు రాష్ట్రాల్లోనూ నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్యలో జరిగే ఎఫ్ఏల్లో, ప్రాజెక్టు పని ఒక భాగం, దానికి మార్కులున్నాయి. అంటే ఇంట్లో తీరిక ఉందా లేదా అన్నదానికి మనం పిల్లలకు మార్కులు వేస్తున్నాం. పెద్ద ఫీజుల స్కూళ్లలో ఇది అంతగా కనపడదు. మండల కేంద్రాల్లో, చిన్న చిన్న స్కూళ్లలో రోజూ కళ్లెదురుగానే ఉంటుంది.

థర్మాకోల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను దేశమంతా 2022 జులై 1 నుంచి నిషేధించారు కదా, ఆ జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. మనం మాత్రం ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అనే మోడల్ని కూడా థర్మాకోల్ మీదే చేయించి, వారం తర్వాత స్కూలు వెనక కాలవలో పడేయిస్తున్నాం. పైగా దాన్ని ఆరేళ్ల పిల్లలు సరిగా కోయలేరు. బ్లేడు కావాలి, లేదంటే వేడి తీగ కావాలి. కాబట్టి థర్మాకోల్ అనగానే అది పెద్దవాళ్ల పని అయిపోతుంది.

ఇదంతా మీ ఒక్కరి మీదే తోసేయను. విద్యాహక్కు చట్టం, 2009 చివర షెడ్యూల్ తీసి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమందికి పైగా పిల్లలుంటే, ఆర్ట్‌కు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాశారు. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లల సంఖ్యను బట్టి టీచర్లు ఎంతమందో చెప్పారు కానీ ఆర్ట్ మాటే లేదు. బొమ్మలంటే ప్రాణం పెట్టే వయసు ఐదేళ్ల నుంచి పదేళ్ల దాకా. టీచర్ని మాత్రం ఆ వయసు దాటాక ఇస్తారు. ఇటు చూస్తే 2011 నాటి ఉమ్మడి రాష్ట్ర పాఠ్యప్రణాళికలో కళా సాంస్కృతిక విద్య ఉంది, 2020 జాతీయ విద్యావిధానం పాఠాలన్నిటినీ కళలతో కలిపి చెప్పమంటుంది. ప్రోగ్రెస్ కార్డులో ఆర్ట్ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఎలా నింపుతామో మనలో మనకు దాపరికమెందుకు? చేతిరాత బాగున్న పిల్లలకు ఏ ప్లస్, అల్లరి పిల్లలకు బీ. చెప్పేవాళ్లు లేరు, గడి నింపాలి, అందుకని ప్రాజెక్టు ఇంటికి పోయింది. వచ్చిన చిక్కు ఇదీ.

ఇప్పుడు బడిలో చేయించడం గురించి. ముందుగా చిన్నపిల్లలు బొమ్మ ఎలా వేస్తారో క్లాస్ టీచర్లకు రెండు మాటలు చెప్పాలి. ఇది డ్రాయింగ్ రాకపోయినా తెలుసుకోవచ్చు. ఐదారేళ్ల పిల్ల అమ్మని ఇంటికంటే పెద్దగా వేస్తుంది, ఎందుకంటే అమ్మే ముఖ్యం. ఆకాశం కాగితం పైన నీలం పట్టీ, నేల కింద ఒక గీత, మధ్యలో ఖాళీ. ఇంటి గోడ లోంచి లోపలి ఫ్యాను కనపడుతుంది, ఆవు పొట్టలో దూడ కనపడుతుంది. ఇవన్నీ ఆ వయసుకు సరైనవే. ప్రపంచంలో ఏ పిల్లలైనా దాదాపు ఈ దారినే వస్తారు. మనం ఎర్ర పెన్నుతో ‘మనిషి ఇంటికంటే పొడుగుంటాడా?’ అని సరిదిద్దితే పిల్ల ఇక సొంతంగా వేయడం మానేసి, పక్కవాళ్లది చూసి వేస్తుంది.

అలా మానేశాక మిగిలేదే ‘సీనరీ’. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, వీ ఆకారంలో పక్షులు, కొండల్లోంచి నది, ఒడ్డున గుడిసె, పక్కన వంగిన కొబ్బరిచెట్టు. మీ స్కూల్లో ఏ క్లాసుకైనా వెళ్లి ‘మీకిష్టమైన బొమ్మ వేయండి’ అనండి, సగానికి సగం ఇదే వస్తుంది. కొబ్బరిచెట్టు చుట్టుపక్కల లేని ఊరి పిల్లలు కూడా ఇదే వేస్తారు. బోర్డు మీద మేం డ్రాయింగ్ మాస్టర్లం వేసిపెట్టిన బొమ్మే కదా ఇది, తరతరాలుగా నడుస్తోంది.

దానికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే. ‘మీ ఇంటి నుంచి బడికొచ్చే దారి వేయండి’ అని చెప్పడం. మూడో తరగతిలో ఒకసారి ఇదే ఇచ్చాను. టిఫిన్ బండి వచ్చింది, వాటర్ ప్లాంటు ముందు నీలం డబ్బాల వరస వచ్చింది, సెల్ టవర్, స్పీడ్ బ్రేకరు, ఎల్లమ్మ గుడి ముందు వేపచెట్టు వచ్చాయి. ఒక పిల్లాడు వీధి మొత్తాన్ని అడుగున చిన్నగా వేసి, మిగతా కాగితం నిండా ఒక కుక్కను వేశాడు. రోజూ ఆ సందులో అది వెంటపడుతుందట. అందరి బొమ్మలూ అంచులు కలిపి గోడకు అంటిస్తే ఊరి మ్యాపు తయారైంది. పరిసరాల విజ్ఞానంలో పటాల పాఠం ఆ గోడ దగ్గరే చెప్పుకున్నారు. ఖర్చు ఎంతంటారా? ఒకవైపు వాడిన కాగితాలు, పెన్సిళ్లు.

సామాను గురించి భయపడక్కర్లేదు. జిగురుకు మైదా చాలు. పావు కప్పు మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, కప్పున్నర నీళ్లు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే గంజిలా చిక్కబడుతుంది. చిటికెడు పటిక పొడి వేస్తే తొందరగా పాడవదు. క్లాసు మొత్తానికి సరిపోతుంది. ఆ జిగురు, పాత పేపర్లు ఉంటే ఒకటో తరగతికి ఒక టర్ము గడిచిపోతుంది. వాళ్ల చేత కాగితం చింపించండి. కత్తెర వద్దు, వేళ్లతోనే. సన్నగా, పొడుగ్గా, గుండ్రంగా చింపి అంటిస్తే చేప, కోడి, గొడుగు ఏదైనా వస్తుంది. మట్టి పిసకడం, కాగితం చింపడం, మడతపెట్టడం వల్ల వేళ్లకు పట్టు వస్తుంది. పెన్సిలు సరిగా పట్టుకోలేక అక్షరాలు వంకరపోయే పిల్లలకు, కాపీ రైటింగ్ ఇంకో పేజీ పెంచడం కంటే ఇదే ముందు అవసరం.

రంగుల దగ్గర కొంచెం ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. నాలుగు, ఐదు తరగతులకు రంగులు కొనివ్వకండి, చేయించండి. పసుపు నీళ్లతో తెల్ల కాగితం మీద ఒక పూత వేయించి ఆరనివ్వండి. తమలపాకుల్లో వాడే సున్నం కొంచెం నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని దూది చుట్టిన పుల్లతో టీచరే ఆ కాగితం మీద గీయాలి. గీసిన చోటల్లా ఎర్రగా లేస్తుంది. క్లాసు ఒక్కసారిగా ‘ఓ’ అంటుంది. దాని మీద నిమ్మరసం రాయండి, మళ్లీ పసుపు. పారాణి ఎందుకు ఎర్రగా ఉంటుందో ఆ పూట వాళ్లే చెప్తారు. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం, అందులో నిమ్మరసం పిండితే ఊదా. బచ్చలి పండ్లు, బొగ్గు, ఎర్రమట్టి, సుద్ద, మోదుగపూల కాలంలో నారింజ. సైన్సు టీచరు వచ్చి పక్కన నిలబడితే ఆమ్లాలు, క్షారాల పాఠానికి పునాది అక్కడే పడిపోతుంది.

ఇంకాస్త ముందుకెళ్లదలిస్తే శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల నలుపు చూపించండి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో కొన్నాళ్లు నానబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెట్టుకుంటారు. వెదురు కలంతో ఆ నీరు గుడ్డ మీద పెట్టగానే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. పిల్లలకు గుడ్డ ముక్క చాలు, చీర అక్కర్లేదు.

మన బొమ్మల ఊళ్లను మనం వర్క్‌షీట్లుగా మార్చేశాం. కొండపల్లి అంబారీ ఏనుగు ప్రింటు ఇచ్చి ‘రంగు వేయుము’ అంటాం. ఆ బొమ్మను ఎలా చేస్తారో చెప్పం. తేలికైన తెల్ల పొణికి చెక్కలో విడివిడి ముక్కలు చెక్కి, చింతగింజల పిండి, చెక్కపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. కథల్ని బొమ్మలుగా చూపే చేర్యాల నకాశీ పటాలకు గుడ్డ మీద వేసే పూతలోనూ చింతగింజల పిండే, సుద్దమట్టి, గంజితో కలిపి. చింతగింజలు మన పిల్లలకు వామనగుంటల నాటి నేస్తాలు. వాటిని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే ఎంత గట్టి జిగురవుతుందో ఒక్కసారి బడిలో చేసి చూపిస్తే, కొబ్బరిచిప్పతో, చెక్కపొట్టు ముద్దతో మాస్కులు ఐదో తరగతి పిల్లలు చేయగలరు. చేర్యాలలో మాస్కులు చేసే పద్ధతి అదే. తాటాకు గిరకలు, జొన్నబెండు బళ్లు చేయగల తాతలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. ఒక శనివారం పిలవండి. వాళ్లకు పీపీటీ అక్కర్లేదు, ఒక బల్ల వేసి టీ ఇస్తే చాలు.

ముగ్గు సంగతి చెప్పకపోతే మా ఇంటావిడ ఊరుకోదు. సంక్రాంతికి తల్లులకు పోటీ పెట్టి ప్రెషర్ కుక్కర్ బహుమతిస్తాం. పిల్లలకు అదే ముగ్గు లెక్కల పీరియడ్‌లో ఎందుకు ఉండదు? ఏడు చుక్కలతో మొదలుపెట్టి సందు చుక్కతో ఒకటికి తగ్గిస్తే మొత్తం ఎన్ని చుక్కలు? అడ్డంగా మడిస్తే రెండు సగాలూ కలుస్తాయా? మెలికల ముగ్గులో గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే వస్తుందా? వరండాలో సుద్దముక్కతో తేలిపోయే పని.

మీరు అనబోయే మాటలు నాకు తెలుసు, స్టాఫ్‌రూంలో రోజూ వింటూనే ఉన్నాను. సిలబస్ వెనకబడుతుందంటారు. నెలకు ఒక్క రోజు, రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి, అంతకుమించి అడగను. నలభై నిమిషాల పీరియడ్లో రంగులు బయటికి తీసేలోపే బెల్లు కొడతారు, అందుకే రెండు కలపమనేది. యూనిఫాం పాడైందని తల్లులు గొడవ చేస్తారంటారు. నిజమే, చేస్తారు. ఆ రోజు నాన్న పాత చొక్కా ఒకటి వెనక్కి ముందుకు తిప్పి వేసుకురమ్మనండి, సరిపోతుంది. రాత్రి పూట ప్రాజెక్టు తప్పిందని తెలిస్తే ఆ తల్లులే మీకు దణ్ణం పెడతారు. ఇక అరవైమంది ఉన్న సెక్షన్‌లో ఎలా అంటారా, అది మాత్రం నిజంగా కష్టమే. నేనైతే సగం మందిని వరండాలో ముగ్గుల దగ్గర కూర్చోబెట్టి, సగం మందికి మట్టిస్తాను, పీరియడ్ మారగానే తిప్పేస్తాను. అప్పుడు కూడా ఒక ఆయమ్మ తోడుండాలి.

మార్కుల గురించి నా అభిప్రాయం కొంచెం మొండిగా ఉంటుంది. ప్రైమరీలో బొమ్మకు మార్కు వేయకూడదు. రికార్డుకు తప్పదంటే, చేశాడా లేదా అన్నది చూడండి, నీట్‌గా ఉందా అన్నది వదిలేయండి. ‘ఇదేంటి, చెప్పు’ అని అడిగి, పిల్లాడు చెప్పిన మాట బొమ్మ కింద వాడి మాటల్లోనే టీచర్ రాస్తే, అంతకంటే మంచి రికార్డు ఏ అధికారికీ చూపించలేరు. తెలుగు వాచకానికీ అది పనికొస్తుంది. పేరెంట్స్ మీటింగ్ రోజు గోడ మీద బాగున్న పదింటినే పెట్టకండి. అందరివీ పెట్టండి, ఒరిగినవి కూడా. చోటు చాలకపోతే దండెం కట్టి క్లిప్పులు పెట్టండి. ప్రతి తల్లీ ముందు తన పిల్ల బొమ్మ కోసమే వెతుక్కుంటుంది, అది కనపడకపోతే మిగతా బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆవిడకు ఏం లాభం?

మీలో ఎవరైనా మొదలుపెడితే ఈ దసరా సెలవులకు ముందే మొదలుపెట్టండి. అప్పటికి చెరువుల్లో నీళ్లుంటాయి, బంకమట్టి తేలిగ్గా దొరుకుతుంది. క్లాసుకు ఒక బకెట్టు మట్టి చాలు, రాళ్లు ఏరేసి ముందురోజే తడిపి గోనెగుడ్డ కప్పి ఉంచాలి. నీళ్లకు రెండు బకెట్లు పెట్టండి, ఒకటి చేతులకు, ఒకటి మట్టికి. చేతులు కడిగిన మట్టినీళ్లు మాత్రం సింకులో పోయనివ్వకండి, పైపు పూడుకుపోయి ప్లంబర్ని పిలవాల్సి వస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఏ కరస్పాండెంటూ మట్టి పీరియడ్ ఒప్పుకోరు. చెట్ల మొదట్లో పోయించండి.

ఇట్లు,
మీ స్కూళ్లలో తిరిగే ఒక డ్రాయింగ్ టీచర్